కల్లు, మటన్, కన్నీళ్లు

2025 జనవరిలో నిజామాబాద్‌లో 'సంక్రాంతికి వస్తున్నాం' సినిమా సభ జరిగింది. నిర్మాత దిల్ రాజు మైకు పట్టుకుని, ఆంధ్రలో సినిమా అంటే జనం ఊగిపోతారు, మన దగ్గర కల్లు, మటన్ అంటేనే ఊపు అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. లొల్లి లేచింది. ఆయనదీ ఆ జిల్లానే. కించపరచాలని అనలేదని చెప్పి క్షమాపణ కోరారు. అందరూ మర్చిపోయారు.

నాకు ఆ మాటతో పెద్ద పేచీ లేదు. కల్లు తాగుతం, మటన్ తింటం, ఎవరికి దాచాలి? నా పేచీ మనతోనే. వేదిక మీద ఒక్క నిమిషం అన్న మాటకు క్షమాపణ చెప్పించినవాళ్లం, అదే మాటను తెర మీద రెండున్నర గంటలు చెప్తే ఈల వేసి మరీ చూస్తున్నాం. 'మన యాస, మన మట్టి' అని స్టేటస్ పెట్టుకుంటున్నాం.

నేను సినిమా గురించి చదువుకున్నవాణ్ని కాను. కరీంనగర్‌లో ఏది ఆడితే అది, ఫోన్‌లో ఏది కనపడితే అది, అన్నం తినేటప్పుడు అమ్మ పెట్టుకున్న సీరియల్. పదేళ్లుగా ఇట్లా చూస్తూ వచ్చి తేల్చుకున్నది ఒకటే: తెర మీదకు మా యాస వచ్చింది, మా తాగుడు వచ్చింది, మా చావు వచ్చింది. మా పని రాలేదు. మనిషి పొద్దున లేచి ఏం చేసి బతుకుతాడు, ఆ పైసలు ఎవరిస్తారు, ఎవరు ఎగ్గొడతారు అన్న సంగతి తీసేసి ఊరిని చూపిస్తే అది ఊరెట్లా అవుతుంది? అది దావత్.

యాస రావడం చిన్న సంగతేం కాదు. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాస మాట్లాడితే అది దుర్మార్గుడి భాష. తర్వాత చాలా ఏళ్లు అది విలన్‌దో, కమెడియన్‌దో. 'మొండి మొగుడు పెంకి పెళ్లాం'లో విజయశాంతి లాంటి మినహాయింపులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2017లో 'ఫిదా' బాన్సువాడ పిల్ల భానుమతి, 2022లో టిల్లు వచ్చాక ఆ యాస హీరోలకు, హీరోయిన్లకు దక్కింది. సంతోషమే. కానీ ఏ యాస? సిరిసిల్లలో ఒక తీరు, మంచిర్యాలలో ఒక తీరు. ఉట్నూరు వైపు పోతే తెలుగుతో పాటు గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ వినపడతాయి. సినిమాకు ఇదంతా ఒకటే. ఆఖర్న కొత్తిమీర చల్లినట్టు రెండు 'గట్ల'లు, నాలుగు 'బై'లు చల్లితే తెలంగాణ ఉడికినట్టే.

'దసరా' (2023) తీసుకోండి. వీర్లపల్లి సింగరేణి బొగ్గు పక్కన ఉన్న ఊరు. నాని మొహం మీద మసి, లుంగీ మీద మసి, తెర నిండా మసి. ఆ బొగ్గు తవ్వేవాడేడి? హీరో పోతున్న గూడ్సు బండి మీద బొగ్గు దొంగిలిస్తాడు. ఊరంతా సిల్క్ బార్ చుట్టూ తిరుగుతుంది. సినిమా తాగుడును మెచ్చుకోదు, దానివల్ల ఆడవాళ్ల గతి ఏమైందో కూడా చూపిస్తుంది, ఆ మేరకు మెచ్చుకుందాం. కానీ బొగ్గుబాయిలో మొదటి షిఫ్టుకు దిగే మనిషి, అతను పైకి వచ్చేదాకా ఇంట్లో ఉండే భయం, ఓపెన్‌కాస్ట్ కింద పోయిన ఇళ్లు కథను నడపవు. 1990ల మొదట్లో సింగరేణి కార్మికులు లక్షకు పైన. ఇప్పుడు 40 వేల దగ్గరికి దిగారు. తగ్గిన ఆ ఉద్యోగాలతో ఎన్ని ఇళ్ల లెక్క తలకిందులైందో, అదొక్కటే పది సినిమాల కథ. మనకు దక్కింది మాత్రం ఆఖర్లో నరుకుడు.

ఇట్లా తీస్తే ఎవరు చూస్తరు అనకండి. అదే ఏడాది జూన్‌లో 'పరేషాన్' వచ్చింది. మంచిర్యాల సినిమా. ఇందులోనూ తాగుడు కావలసినంత ఉంది. కానీ తండ్రి సింగరేణి కార్మికుడు. కొడుకు ఐజాక్‌ను కూడా అదే కొలువులో పెట్టించాలని, లంచం కోసం భార్య బంగారు గాజులు అమ్ముతాడు. కొడుకు ఆ పైసలు తీసుకుపోయి దోస్తు పెళ్లికి ఇచ్చేస్తాడు. నవ్వు అక్కడి నుంచే పుడుతుంది, భయం కూడా. ఒక ఇంట్లో ఒక్క ఉద్యోగం అంటే ఏమిటో, ఆ పైసలు పోతే ఎన్ని నోళ్లు పడిపోతాయో ఆ సినిమాకు తెలుసు. 'దసరా' గురించి మాట్లాడినవాళ్లలో పదోవంతు మందైనా దీని గురించి మాట్లాడారా?

ఇక ఆదిలాబాద్. 'ఆర్ఆర్ఆర్' (2022) కల్పన అని ముందే చెప్పారు కాబట్టి చరిత్ర అడగొద్దంటారు. సరే, అడగను. కల్పన చేసేటప్పుడు ఏది ఉంచుకున్నారు, ఏది పారేశారు అని మాత్రం అడుగుతా. చరిత్రలోని కొమరం భీం పోరాడింది నిజాం సర్కారుతో. పోడు కొట్టుకున్న భూమికి పట్టా, అడవి మీద హక్కు, అటవీ సిబ్బంది వసూళ్ల నుంచి విడుదల ఆయన అడిగినవి. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు చనిపోయాడు. సినిమాలోని భీం కోరిక ఒక్కటే: దొర ఎత్తుకుపోయిన పిల్లను వెనక్కి తేవాలి. భూమి పోయింది, పిల్ల మిగిలింది. పిల్ల కోసం ఏడవడం దేశమంతటికీ సులభం. పట్టా కోసం ఎవరు ఏడుస్తారు?

అంతకంటే నొప్పి పెట్టేది ఆఖరి సీను. నీకేం కావాలని రామరాజు అడిగితే చదువు కావాలంటాడు భీం. అప్పుడు 'జల్, జంగల్, జమీన్' అని జెండా మీద రాసేది రామరాజు. భీం జీవితం చెప్పేవాళ్లు ఒక సంగతి తప్పకుండా చెప్తారు: చాందాలో విఠోబా అనే ప్రెస్సు నడిపే మనిషి దగ్గర పనిచేస్తూ ఆయన చదవడం, రాయడం నేర్చుకున్నాడని. అంటే అక్షరాలూ ఆయనవే, ఆ నినాదమూ ఆయనదే. వందల కోట్ల సినిమా రెండూ లాక్కుని ఇంకొకరి చేతిలో పెట్టింది. థియేటర్లో మనం చప్పట్లు కొట్టాం. అదే భీం మీద అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన సినిమా థియేటర్లకు రావడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. పోడు భూముల లొల్లి ఇప్పటికీ తీరలేదు. అది ఎవరి సినిమాలోనూ క్లైమాక్స్ కాదు.

ఇప్పుడు 'బలగం' గురించి. దాన్ని తిడితే మా ఊళ్లో నాకు నీళ్లు పుట్టవు, తిట్టాలని కూడా లేదు. 2023లో ఊరూరా తెర కట్టి, చాపలేసుకుని జనం చూసిన సినిమా అది. వేణు ఎల్దండి సిరిసిల్ల మనిషి. నల్లి బొక్క కాడ మొదలైన పంచాది ఇరవై ఏళ్లు నడుస్తుందని ఆయనకు తెలుసు. సాయిలు పెట్టిన ప్రతి చిన్న వ్యాపారం మునుగుతుందనీ, అప్పు తీర్చేందుకే పెళ్లికి ఒప్పుకుంటాడనీ తెలుసు. సినిమా గట్టిగా ఉన్నది ఆ అప్పు దగ్గరే. కానీ కథ ఆఖరుకొచ్చేసరికి అప్పు వెనక్కి పోయి కాకి ముందుకొస్తుంది. బావా బామ్మర్దుల పంతానికి ఇరవై ఏళ్లు పుట్టిల్లు చూడని లచ్చవ్వకు ఆ ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? అందరం ఏడ్చాం కాబట్టి బాకీ చెల్లిపోయిందా? ఒగ్గుకథలో, బుడగజంగాల పాటలో కన్నీళ్లుంటాయి, ఆ కన్నీళ్లకు కారణమైనవాడి పేరు కూడా ఉంటుంది. 'బలగం' తర్వాత వరస కట్టినవాళ్లు నేర్చుకున్నది కన్నీళ్లే. ఒక చావు, ఒక మటన్ సీను, ఒక జానపద గొంతు. అప్పు ఊసు ఎవరికీ పట్టలేదు.

టీవీ సంగతి ఇంకో తీరు. అమ్మ చూసే సీరియళ్లలో మగవాళ్లు రోజూ ఆఫీసుకు పోతారు, అది ఏ ఆఫీసో వెయ్యి ఎపిసోడ్లయినా తెలియదు. ఈ లెక్కన మా వైపు నుంచి టీవీకి వెళ్లిన నిజమైన పనిమంతురాలు గంగవ్వ ఒక్కతే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' వాళ్లు తీసిన వీడియోల్లో ఆమె మాట ఆమె చేతి పనిలోంచి వచ్చేది. 2020లో బిగ్‌బాస్ ఆమెను తీసుకుపోయి ఒక ఇంట్లో కూర్చోబెట్టింది. చేసేందుకు పని లేని చోట ఆమె ఆరోగ్యం చెడి మధ్యలోనే బయటికొచ్చింది. సొంత ఇల్లు కట్టుకోవాలని వెళ్తున్నట్టు ఆమె దాచకుండానే చెప్పింది. జనం ఆమె అమాయకత్వాన్ని మెచ్చుకున్నారు. నాకైతే ఆ ఇంట్లో లెక్క అందరికంటే తేటగా తెలిసిన మనిషి ఆమే అనిపించింది. కైకిలికి పోయినట్టే పోయింది, కూలి తీసుకుంది, ఇల్లు కట్టింది.

పని చూపిస్తే బోరు కొడుతుందని సినిమావాళ్లు అంటారు. మరి 'మల్లేశం' (2019)? తల్లి ఆసు పోస్తూ వేలసార్లు చెయ్యి తిప్పి తిప్పి భుజం పడిపోతుంటే, కొడుకు మిషన్ కనిపెట్టడం, ఇంతే కథ. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'లో గడీ చాకిరీ తప్ప వేరే హంగు లేదు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. చేతులు కథ చెప్పగలవని తెలుగు సినిమాకు తెలియక కాదు. చేతులు చూపిస్తే ఆ చేతులకు ఎంత కూలి ముట్టింది అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నను పెట్టుబడి పెట్టేవాడు ఇష్టపడడు. మందు గ్లాసు చూపిస్తే ఏ ప్రశ్నా రాదు.

హైదరాబాద్‌లో కూర్చుని మా వైపు కథలు రాస్తున్న నా వయసు దోస్తులారా, మీలో సగం మంది మా జిల్లాలవాళ్లే. లొకేషన్ చూడటానికి సాయంత్రం రాకండి. సాయంత్రం వస్తే మీకు కల్లు మండువే కనపడుతుంది. పొద్దున ఆరింటికి రండి. సిరిసిల్లలో సర్కారు చీరల ఆర్డర్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి సాంచెలు నడుస్తయో ఆగుతయో వినండి. బీడీలు ఖరాబున్నయని కోత పెట్టే ఖార్ఖానా కాడ ఆడవాళ్ల వరసలో నిలబడండి. దుబాయ్‌లో పోయిన మనిషి పెట్టె ఎప్పుడొస్తుందో తెలియక జగిత్యాల పక్క ఊళ్లో ఒక ఇల్లు ఎట్లా ఉంటుందో చూడండి. ఆ పెట్టె కోసం ఎవరెవరికి దండం పెట్టాల్సి వచ్చిందో అడిగి రాసుకోండి.

అవన్నీ రాసుకున్నాక దావత్ మేమే ఇస్తం. మటన్ కూడా మా లెక్కలోనే.