పేరు వ్రాసేదాకా కదలకండి

తెనాలి, బాపట్ల, రేపల్లె సంఘాలలో మరియమ్మలు, యేసురత్నాలు ఎందరో. ఇంటిపేరు కలిసేవారూ ఉన్నారు! హైదరాబాదు సి.డి.ఎఫ్.డి. వంటి కేంద్రాలలో, రక్తం నుండి తీసిన డి.ఎన్.ఏ.ను 96 గుంటల ప్లేటులో అమర్చుతారు: ఎ నుండి హెచ్ వరకు 8 అడ్డు వరుసలు, 12 నిలువు వరుసలు. వెంట్రుకంత సన్నని గొట్టాలు 24 ఉన్న యంత్రమైతే, ఒకేసారి 3 నిలువు వరుసల డి.ఎన్.ఏ.ను విద్యుత్తుతో లోపలికి లాక్కుంటుంది. దానికి మన పేర్లు తెలియవు, గుంట సంఖ్యే తెలుసు. జాబితాలో ఒక్క గుంట జరిగినా ఒకరి ఫలితం మరొకరికి పోతుంది. తలసేమియా పరీక్షలో అలా జరిగితే గర్భిణి గతి ఏమిటి? అందుకే డి.ఎన్.ఏ. వేయని గుంటను, ఫలితం ముందే తెలిసిన నమూనాను కూడా ప్లేటులో ఉంచుతారు. అయితే రక్తం తీసిన చోటే పేర్లు తారుమారైతే అవి పట్టుకోలేవు. కనుక మీ పేరు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు, ఆసుపత్రి నంబరు మీ కళ్ళెదుటే ట్యూబుపై వ్రాయించుకోవాలని మా అభిప్రాయం. సిస్టరుగారు విసుక్కుంటారని మొహమాటపడకండి.