వెలుగుతోంది కదా, ఇంకేంటి?

"బావా, నీ బండికి ఎడమ పక్క టెయిల్ లైటు వెలగట్లేదు" అని వెనక కారులో వస్తున్న మిత్రుడు ఫోన్ చేశాడు. 2024 వినాయక చవితి రోజు. డాలస్ దగ్గర మా అపార్ట్‌మెంట్ల గణపయ్య నా పాత పికప్ ట్రక్కులో కూర్చుని వస్తున్నాడు. (ఇక్కడ పికప్ ఉన్నవాడి బతుకు ఊళ్ళో ట్రాక్టరున్నవాడి బతుకే. ఎవరు సోఫా మార్చినా పిలుపు మనకే.) దిగి చూస్తే లైటు శుభ్రంగా వెలుగుతోంది. "నిజంగానే ఆరిపోయింది బావా" అన్నాడు పాపం, అబద్ధమాడి దొరికిపోయినవాడిలా.

ఆ మొహం నేను ఎక్కడో చూశాను. మా టీములో టెస్టింగ్ అమ్మాయి బగ్ పెట్టినప్పుడల్లా "నా మెషీన్లో బానే ఉందే" అంటాను కదా, అప్పుడు ఆ అమ్మాయి మొహం అచ్చం అలాగే ఉంటుంది.

సరే, షాపుకి తీసుకెళ్తే బల్బు మార్చారు. రెండు వారాలు బాగుంది. మళ్ళీ మొదలు. ఈసారి సాకెట్ మార్చారు. మళ్ళీ పది రోజులు హాయి. ఈలోగా నవంబర్లో టెక్సాస్ వార్షిక తనిఖీ కూడా పాసైపోయింది. ఆ ఐదు నిమిషాలూ అది వెలిగింది, అంతే!

నా వాదన ఏంటంటే, వచ్చిపోయే జబ్బుకి భాగాలు మార్చడం వైద్యం కాదు. పైగా మోసపోతాం. బల్బు మార్చేటప్పుడు వెనకాల వైరు కదులుతుంది, కదిలినందుకు లైటు వెలుగుతుంది, పేరు మాత్రం కొత్త బల్బుకి వస్తుంది. చిన్నప్పుడు టీవీ నెత్తిన ఒక్కటిచ్చి బొమ్మ రప్పించుకున్న తరం మనది, ఆ మాత్రం తెలియాలి.

మెకానిక్కులంతా దొంగలని నేననను. ఇక్కడ చాలా షాపుల్లో జీతం పని గంటల పుస్తకం ప్రకారం ఉంటుంది. సాకెట్ మార్చడానికి ఇంత అని లెక్క ఉంది. కనపడని జబ్బు కోసం రెండు గంటలు బండి కింద పడుకుంటే ఎవరిస్తారు? మనం మాత్రం స్ప్రింటు చివర్లో "రీప్రొడ్యూస్ కాలేదు" అని టికెట్ మూసెయ్యట్లా?

చివరికి నేనే మల్టీమీటర్ తీశా. బల్బు పీకి సాకెట్లో చూస్తే 12.4 వోల్టులు. వైరింగ్ బ్రహ్మాండం అనుకున్నా. ఇంజనీరింగ్ చదివి ఇలా అనుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. మీటర్ లాగే కరెంటు లెక్కలోకే రాదు. తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా నిండు వోల్టేజీ చూపిస్తుంది. 1157 రకం బల్బులో బ్రేక్ ఫిలమెంటు 2 ఆంపియర్లు దాటి లాగుతుంది. ఆ కరెంటుకి దారిలో ఒక్క ఓమ్ అడ్డున్నా దాదాపు 2 వోల్టులు అక్కడే హరీ. ఒక్క యూజర్‌తో టెస్ట్ చేసి లోడ్ టెస్ట్ అయిపోయిందనడం లాంటిదన్నమాట.

అసలు ఆధారం ఒకటి ముందే కనపడింది, నేనే పట్టించుకోలేదు. హెడ్‌లైట్లు ఆపి ఉన్నప్పుడు బ్రేక్ తొక్కితే ముందు పార్కింగ్ లైట్లు సన్నగా వెలిగేవి. దెయ్యమేం కాదు. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, రెంటికీ కలిపి ఒకటే గ్రౌండ్. ఆ గ్రౌండ్ పోతే బ్రేక్ కరెంటు రెండో ఫిలమెంటులోకి ఎదురెక్కి, టెయిల్ లైట్ల వైరు పట్టుకుని వేరే బల్బుల గ్రౌండ్ వెతుక్కుంటుంది. ఇలాంటి వింత కనపడితే బల్బుని వదిలేసి గ్రౌండ్ చూడండి.

ఈసారి బల్బు పెట్టి, మా ఆవిడ బ్రేక్ తొక్కి పట్టుకుంటే ("ఇంకెంతసేపండీ, పొయ్యి మీద పప్పుంది"), సాకెట్ గ్రౌండుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొలిచా. 0.1 దాటకూడదు. 3.8 వచ్చింది! వైరు వెంబడి పాక్కుంటూ వెళ్తే బంపర్ వెనక దొరికింది. పాత యజమాని ట్రైలర్ లైట్ల కోసం ఆ వైరుకి క్లిప్పు గుచ్చాడు, లోపల రాగి పచ్చగా పొడైపోయింది. ఛాసిస్ మీద బోల్టు చుట్టూ తుప్పు. పాడైన ముక్క కోసి కొత్తది క్రింప్ చేసి, బోల్టు కింద లోహం మెరిసేదాకా బ్రష్షుతో గీకి, గ్రీజు రాశా. 0.04. ఖర్చు 6 డాలర్లు, ఒక శనివారం.

దీనికింత గోలేంటి అంటారా? రాత్రి హైవే మీద మన వెనక వచ్చే పద్దెనిమిది చక్రాల లారీవాడికి మనం కనపడేది ఆ రెండు ఎర్ర చుక్కలతోనే. పోలీసు సంగతి సరేసరి. 2009లో నార్త్ కరోలినాలో ఒక బ్రేక్ లైటు వెలగలేదని కారు ఆపిన కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. అక్కడి చట్టానికి ఒక్క లైటు చాలని తేలినా, పోలీసు పొరపాటు సమంజసమే, ఆపడం చెల్లుతుందని 2014లో 8-1తో తీర్పొచ్చింది. వీసా మీద ఉన్నవాడికి ఆ నీలం లైట్లు అద్దంలో కనపడితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత బళ్ళకి ఆ భద్రతా తనిఖీయే తీసేశారు (మా కౌంటీలో పొగ పరీక్ష మాత్రం ఉంది). నా లైటుని పట్టుకోలేని తనిఖీ పోతే ఏంటి అని కొందరన్నారు. నేనొప్పుకోను. వచ్చిపోయేవి దాటిపోయినా, పూర్తిగా చచ్చినవి అక్కడ దొరికేవి. ఇప్పుడు అవీ దొరకవు.

అందుకే రోజూ బండి తీసేముందు బ్రేక్ తొక్కి, వెనక గోడ మీద ఎరుపు రెండు పక్కలా పడిందో లేదో అద్దంలో చూసుకుంటున్నా. మా ఆవిడ నవ్వుతోంది. నవ్వనీండి :)