బలి కాని బలిపశువు



"స్కేప్‌గోట్" అనే ఇంగ్లీషు మాట మీరు వినే ఉంటారు. జట్టు ఓడిపోతే కెప్టెన్‌ను, ఆఫీసులో లెక్క తప్పితే గుమాస్తాను స్కేప్‌గోట్ చేశారని అంటారు. పలువురి తప్పును ఒక్కరి నెత్తిన వేయుట అని దాని భావము. మన పత్రికలు దీనిని "బలిపశువు" అని వ్రాయుచున్నవి. అయితే ఈ మాట పుట్టిన చోట ఆ మేకను బలి ఇవ్వలేదు!

లేవీయకాండము 16వ అధ్యాయము తెరచి చూడండి. ప్రాయశ్చిత్తార్థ దినమున రెండు మేకలను తెచ్చి వాటిమీద చీట్లు వేసేవారు. ఒకటి యెహోవాకు బలి అయ్యేది. రెండవదానిని ప్రాణముతోనే నిలిపేవారు. అహరోను దాని తలపై రెండు చేతులు ఉంచి, ఇశ్రాయేలీయుల పాపములన్నిటిని ఒప్పుకొని, ఒక మనిషిచేత దానిని అరణ్యమునకు పంపించేవాడు.

హెబ్రీ బైబిలులో ఇక్కడ "అజాజేలు" అనే మాట ఉన్నది. దాని అర్థమును గూర్చి పండితులు నేటికీ ఏకాభిప్రాయమునకు రాలేదు. ధర్మశాస్త్రమును హెబ్రీ నుండి ఇంగ్లీషులోనికి అనువదించి 1530లో అచ్చు వేయించిన విలియం టిండేల్, ఆ మాటను "వెళ్లిపోయే మేక" అని గ్రహించి "స్కేప్‌గోట్" అనే కొత్త పదము కూర్చాడు. స్కేప్ అంటే తప్పించుకొని పోవుట, గోట్ అంటే మేక. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు కూడ అదే మాటను ఉంచినది. కాలక్రమమున అది ఇంటింటి మాట అయినది. టిండేల్‌ను మాత్రము 1536లో బ్రస్సెల్స్ దగ్గర గొంతు నులిమి చంపి, దేహమును కాల్చివేశారు.

మాట మిగిలినది గాని, అందులోని ముఖ్యమైన సంగతి జారిపోయినది. అహరోను మేకపై చేతులు ఉంచక మునుపే తన కొరకును తన యింటివారి కొరకును కోడెను అర్పించవలసి ఉండెను. తరువాత పాపములను నోరు తెరచి ఒప్పుకొనవలసి ఉండెను. "ఇది మా పాపము" అని చెప్పిన తరువాతనే మేక కదిలేది. నేడు మనము చేయునదేమి? ఒప్పుకొనుట మానివేసి, చేతులు మాత్రము ఇంకొకరి తలపై పెట్టుచున్నాము. అత్త మీద కోపము దుత్త మీద చూపినట్లు, వ్యాపారములో నష్టము వస్తే కొత్తకోడలి అడుగు మంచిది కాదంటాము. పెద్దవాడు పరీక్ష తప్పితే చిన్నవాని అల్లరి వలననే అంటాము.

మేము కూడ ఈ తప్పు చేసినవారమే. కొన్నేండ్ల క్రిందట మా సంఘములో క్రిస్మస్ కానుకల లెక్క తక్కువ వచ్చినది. పుస్తకము వ్రాసే యౌవనస్థుని అందరు అనుమానించారు. మేము అతనిని నిందించలేదు గాని, నోరు మూసుకొని ఊరకుంటిమి. అతడు ఆరాధనకు రావడము మానివేసినాడు. నాలుగు నెలల తరువాత మా బల్ల సొరుగులో షామియానా రసీదు దొరికినది. సొమ్ము ఇచ్చినది మేమే, చెప్పుట మరచినదీ మేమే. ఆ రాత్రి అతని ఇంటికి వెళ్లితిమి. మేము చెప్పినదంతా విని, అతని తల్లి ఒక్కటే అడిగినది: "అయ్యగారూ, ఈ మాట అందరి ముందర చెప్పుతారా?" తరువాతి ఆదివారము ప్రసంగ వేదికపై నుండి చెప్పితిమి. అది మాకు సులువు కాలేదు. అతడు తిరిగి రావడానికి ఇంకా చాలా వారములు పట్టినది.

మన ప్రభువు గవిని వెలుపల శ్రమపడెనని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము చెప్పుచున్నది. మన దోషమును ఆయన ఇష్టపూర్వకముగా మోసియుండగా, దానిని మోయుటకు మన ఇంట ఇంకొక మేకను వెదకనేల?

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక ప్రశ్న వేసుకొనండి: మన ఇంటిలో ఎవరి తల మీద మన చేతులు ఉన్నవి? చేతులు తీసివేయండి. ముందుగా వారి యొద్దకు వెళ్లి, తప్పు మీదే అని ఒప్పుకొనండి.