తీసివేతకు పాఠమేదీ?

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, కవితలూ కథలూ నావల్ల కాదన్నాను. "పోనీ నీ సర్వర్ భాగోతమే రాయరాదూ, అందరూ చదువుతారు" అన్నాడు వెక్కిరింతగా. సరే, అదే రాస్తున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నవ్వడం అయ్యాక నా వాదన కూడా కాస్త వినమని మనవి.

కిందటి వేసవిలో మా ల్యాబ్ సర్వర్ డిస్కు నిండిపోయింది. పాత బ్యాచీల ప్రాజెక్టులు, ఎవరివో తెలియని డేటాబేస్‌లు అందులో పేరుకుపోయి ఉన్నాయి. "కాస్త ఖాళీ చెయ్యవోయ్" అని ల్యాబ్ చూసే సారు పాస్‌వర్డు నా చేతికిచ్చారు. రైతుబిడ్డను కదా, చేను బాగుచెయ్యమంటే ముందు కొడవలే అందుకుంటాను. మైఎస్‌క్యూఎల్ డేటా ఉండే డైరెక్టరీలోకి పోయి, ఎవరో పరీక్షకని పెట్టుకున్నట్టున్న ఒక ఫోల్డర్‌ను ఆర్ఎం కమాండుతో తీసిపారేశాను. తీరా చూస్తే డిస్కు నిండుగానే ఉంది!

ఎందుకో ఇప్పుడు తెలుసు. లినక్స్‌లో ఫైలు పేరు చెరిపేసినంత మాత్రాన ఫైలు పోదు. దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాము వదిలేదాకా లోపలి సరుకు డిస్కు మీదే ఉంటుంది. అంటే సర్వర్ నడుస్తున్నంతసేపూ, అది తెరిచి ఉంచిన ఫైళ్ళను ప్రాక్ డైరెక్టరీలో వెతికి వెనక్కి తెచ్చుకునే దారి ఒకటుంది. ఆ దారి నాకు తెలియదు. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, రీస్టార్టు. అదీ చేశాను. డిస్కు ఖాళీ అయింది. అసలు పోవడం అప్పుడు పోయింది.

పోయినది ఫైనలియర్ అక్క ఒకామె ప్రాజెక్టు. రెండు కార్లు పల్లెలు తిరిగి, బావుల్లో బోర్లలో నీరు ఎంత లోతున ఉందో కొలిచి రాసుకొచ్చిన అంకెలవి. మా ఊరి బావులూ ఉన్నాయి అందులో. బ్యాకప్ లేదా అని అడుగుతారు. ఉంది. రోజూ రాత్రి దానంతటదే తీసుకుని, వారం దాటినవాటిని తుడిచేసే ఏర్పాటు. డిస్కు నిండి అప్పటికే వారం దాటింది. మిగిలిన ఏడు ఫైళ్ళూ సున్నా బైట్లు! ఒక్కరంటే ఒక్కరు తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఇక్కడో తమాషా ఉంది. డేటా అంతా పోయినా డేటాబేస్ పేరు మాత్రం సర్వర్ జాబితాలో అలాగే కనిపిస్తోంది. పోనీ పద్ధతిగా తీసేద్దామని డ్రాప్ డేటాబేస్ అంటే, ఆ ఫోల్డరే లేదు పొమ్మంది. చివరికి అదే పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ చేసిపెట్టి, ఆపైన దాన్ని తీసెయ్యాల్సి వచ్చింది. లేని మనిషికి దర్భబొమ్మ చేసి దహనం చేసినట్టు! రిలేషనల్ డేటాబేస్ అంటే ఫైళ్ళ కుప్ప కాదు మరి. ఏ పట్టికలో ఏ గడులున్నాయి, ఏ పట్టికకు ఏది చుట్టం, ఇవన్నీ సర్వర్ తన సొంత చిట్టాలో రాసుకుంటుంది. చేలో పైరు కోసేసినంత మాత్రాన అడంగల్‌లో పేరు మారదు గదా.

పద్ధతిగా తీసినా అంతా పోదు. మైఎస్‌క్యూఎల్‌లో డేటాబేస్‌ను డ్రాప్ చేసినా, దాని మీద ఎవరికి ఏ హక్కులిచ్చామో అవి మిగిలే ఉంటాయి. రేపు ఇంకెవరో అదే పేరుతో కొత్తది పెట్టుకుంటే పాతవాడు తిన్నగా లోపలికి వచ్చేస్తాడు. తుంగ పైన కోస్తే లోపల గడ్డ ఉండిపోయినట్టే. పోస్ట్‌గ్రెస్ కొంత నయం, ఎవరైనా ఆ డేటాబేస్‌లో పనిచేస్తుంటే తియ్యనే తియ్యనంటుంది. దానికీ 2020లో వచ్చిన 13వ వెర్షన్‌లో బలవంతంగా తీసే వెసులుబాటు పెట్టారు. తొందరపడేవాళ్ళు అన్నిచోట్లా ఉన్నారు కాబోలు.

ఇవి మాబోటి పిల్లకాయల పనులని కొట్టిపారెయ్యకండి. గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలో 2017 జనవరి 31న, నకలు సర్వర్‌ను ఖాళీ చేస్తున్నాననుకుని ఒక ఇంజనీరు అసలు సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తీసేశాడు. క్షణాల్లో తెలుసుకుని ఆపాడు. అప్పటికే దాదాపు 300 గిగాబైట్లకు నాలుగున్నర మిగిలింది. బ్యాకప్ చూస్తే, తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్‌ది, సర్వర్ 9.6ది, అందుచేత అది ఎప్పటినుంచో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళు కూడా చేరడం లేదు! ఆరుగంటల ముందు ఒకరు వేరే పనికోసం చేత్తో తీసుకున్న నకలు ఉండబట్టి బతికిపోయారు. ఆ ఆరుగంటల డేటా మాత్రం పోయింది. అయినా వాళ్ళు దాచలేదు. మరమ్మతును యూట్యూబ్‌లో అందరికీ చూపించారు, జరిగిందంతా రాసి లోకం ముందు పెట్టారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకంలో ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

నేను చేసిన ఘనకార్యం తర్వాత విద్యార్థులకు పాస్‌వర్డే ఇవ్వకూడదని కొందరు లెక్చరర్లు తీర్మానించారు. గురువుల మాటకు ఎదురుచెప్పడం కాదుగానీ, ఇది తప్పు మందు. మా ప్రాక్టికల్ రికార్డు తిరగేయండి. పట్టిక కట్టడం, వరుసలు చేర్చడం, వెతకడం, రెండు పట్టికలు కలపడం, అన్నింటికీ పేజీలకు పేజీలు. డ్రాప్‌కు ఒక్క లైను! బ్యాకప్‌కు అదీ లేదు. విత్తనం నాటడం మాత్రమే నేర్పి వ్యవసాయం నేర్పామంటే మా నాన్న ఒప్పుకుంటాడా?

ఒక్క ప్రాక్టికల్ పెట్టమంటున్నాను. డేటాబేస్ ఎవరిదో కనుక్కోవాలి. నకలు తియ్యాలి, తీసి ఊరుకోక వేరే మిషన్‌లో దాన్ని నిలబెట్టి వరుసలు లెక్కపెట్టాలి. తర్వాత వాడేవాళ్ళ హక్కులు ఆపి వారం రోజులు కదలకుండా కూర్చోవాలి. ఎవరూ లబోదిబోమనకపోతే అప్పుడు, పక్కన ఇంకో మనిషి ఉండగా, డ్రాప్. చివర మిగిలిన హక్కుల్ని ఏరెయ్యాలి. ఫైళ్ళ మీద చెయ్యి వెయ్యడం దేనికీ దారిలేనప్పుడే. ఇదంతా రెండు పీరియడ్లకు మించదు, మధ్యలో ఆ వారం ఆగడమే కష్టం.

ఇంటికెళ్ళి చెబితే నాన్న తిట్టలేదు. "పత్తికట్టె పీకేముందు కాయ ఉందో లేదో చూసుకోవాల్రా" అని ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది.

అక్క కూడా ఏమీ అనలేదు. నోటుబుక్కులు తెచ్చి నా ముందు పెట్టింది. పదకొండు రాత్రులు కూర్చుని మళ్ళీ ఎక్కించాను. మూడో బుక్కులో కొన్ని పేజీలు వానకు తడిసి అలుక్కుపోయాయి. సైకిల్ వేసుకుని ఆ బావుల దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, కానీ అప్పటికి వానలు పడి నీళ్ళు పైకొచ్చేశాయి. ఆరు బావుల వేసవి అంకెలు ఆమె ప్రాజెక్టులో ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.