డబ్బా మీది అంకెను కాదు, మౌస్‌ను కొందాం



స్కాలర్‌షిప్ డబ్బులు అకౌంట్లో పడిన వారంలో మన గ్రూపులో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, వెయ్యి లోపు మంచి గేమింగ్ మౌస్ చెప్పండి." దాని కింద రెండు రకాల జవాబులు వచ్చి పడతాయి. ఒకటి, లింకులు. పదహారు వేల డీపీఐ, ఏడు రంగుల లైట్లు, ఈ రోజు మాత్రమే 599. రెండోది, మందలింపు. "స్కాలర్‌షిప్ ఇచ్చింది ఆటలాడుకోడానికా? పుస్తకాలు కొనుక్కో." ఈ రెండు జవాబులతోనూ మాకు పేచీ ఉంది. అందుకే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాం. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు మందలింపు సంగతి తేలుద్దాం. మన ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లల్లో చాలామంది మౌస్‌ను సరిగ్గా చేతిలోకి తీసుకునేది ఎక్కడ? పరీక్ష సెంటర్లో. ఈఏపీసెట్ కంప్యూటర్ మీదే. జేఈఈ మెయిన్, రైల్వే, ఎస్సెస్సీ పరీక్షలూ కంప్యూటర్ మీదే. అప్పటిదాకా ఫోను తెరను వేలితో తోసిన చెయ్యి, అక్కడ బాణం గుర్తును ఆప్షన్ మీదికి తేవడానికే తడబడుతుంది. టైమ్ మాత్రం అందరికీ ఒకటే. పట్నం పిల్లాడు చిన్నప్పటి నుంచి ఆటలాడి మౌస్‌ను చేతిలో భాగం చేసుకుని వస్తాడు. ఆ అలవాటు మనకు ఆటల్లో వస్తే తప్పేంటి? పగలు అదే మౌస్‌తో ఎక్సెల్ నేర్చుకుంటాం, ఫోటోషాప్ నేర్చుకుంటాం, రేపు సచివాలయంలోనో మీసేవలోనో ఉద్యోగమొస్తే దానితోనే పని. రాత్రి ఒక గంట కౌంటర్ స్ట్రైక్ ఆడితే ఆ మౌస్ అరిగిపోదు. చదువు గోవిందా అయ్యేంత ఆడితే అది మౌస్ తప్పు కాదు, దానికి వేరే పోస్టు రాయాలి.

డబ్బు పెట్టి ఆడే ఆటలు మాత్రం పూర్తిగా వేరే లెక్క. రమ్మీ, పందేల యాప్‌ల వైపు ఎవరూ పోకండి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ఆటగా గుర్తించింది. పెద్దవాళ్ళు భయపడేది ఆ పందేలను చూసే. ఆ భయం న్యాయమైనదే. కానీ దానికీ, మౌస్ కొనుక్కుంటానన్న తమ్ముడికీ ముడిపెట్టకండి. ఇంకో మాట. చెల్లెళ్ళు అడిగినప్పుడు "నీకెందుకమ్మా గేమింగ్ మౌస్" అని నవ్వే ఎమోజీలు పెడుతున్నారు కొందరు. అది మానుకుంటే బాగుంటుంది.

ఇప్పుడు అసలు విషయం, ఆ లింకులు.

డీపీఐ అంటే ఏంటో చూద్దాం. మౌస్ అడుగున చిన్న కెమెరా లాంటిది ఉంటుంది. అది కింద ఉన్న గుడ్డనో బల్లనో సెకనుకు వేల ఫోటోలు తీస్తూ, ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ తేడా చూసి, చెయ్యి ఎటు కదిలిందో కంప్యూటర్‌కు చెబుతుంది. మౌస్‌ను ఒక అంగుళం కదిపితే అది ఎన్ని అడుగులుగా లెక్కపెడుతుందో అదే డీపీఐ. మామూలు ల్యాప్‌టాప్ తెర అడ్డంగా 1920 చుక్కలు. 800 డీపీఐ పెడితే మౌస్‌ను 2.4 అంగుళాలు, అంటే సుమారు ఆరు సెంటీమీటర్లు జరిపితే బాణం ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. ఇది చేతికి అందే దూరం. అదే 16000 డీపీఐ పెడితే? మూడు మిల్లీమీటర్లు. పెన్సిల్ ములుకు మందంలో తెర మొత్తం దాటిపోతుంది. అలా పెట్టుకుని శత్రువు తలకు గురి చూడగలిగే మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, చూసి వస్తాం. కౌంటర్ స్ట్రైక్ ఆడే పెద్ద పెద్ద ఆటగాళ్ళలో ఎక్కువమంది 400, 800, 1600 దగ్గరే ఉంటారు. అంటే ఆ పదహారు వేలు మనం ఎప్పుడూ వాడని అంకె. పైగా చవక మౌసుల్లో ఆ అంకె చాలాసార్లు నిజమైన కొలత కూడా కాదు. లోపలి సెన్సర్ చూసేది తక్కువే, దాన్ని గుణించి పెద్దది చేసి డబ్బా మీద అచ్చు వేస్తారు. గుణించిన కొద్దీ బాణం వణుకుతుంది, దూకుతుంది.

మన తాతలకు ఇది కొత్త మోసం కాదు. కొండ దిగి చింతపండో, కరక్కాయలో, తేనెనో తెస్తే షావుకారి కుంచం ఒకలా, కాటా ఒకలా ఉండేవి. అంకె ఎప్పుడూ ఆయన చేతిలోనే. దళారుల నుంచి కాపాడ్డానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఇప్పుడు మనం చదువుకున్నాం, అంకెలు మనకూ వచ్చు. వచ్చిన అంకెలతో అవతలివాడి లెక్క సరిచూడకుండా, డబ్బా మీద పెద్దది కనబడితే చాలు అనుకుంటే ఎలా?

సంతలో మనవాళ్ళు ఎలా కొంటారో గుర్తు తెచ్చుకోండి. అరకు సంతైనా, ఉట్నూరు అంగడైనా అంతే. కుండను వేలితో కొట్టి చప్పుడు వింటారు. కోడిని చేతిలోకి తీసుకుని బరువు చూస్తారు. కత్తిపీట పిడి పట్టుకుని అరచేతికి కుదిరిందా లేదా చూస్తారు. రంగు చూసి కోడిని కొన్న అమ్మమ్మ మాకైతే ఎవరూ తెలీదు. మౌస్ కొనడం కూడా ఇదే పని.

చేతికి కుదరడమే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే అది తర్వాత మార్చుకోలేం. డీపీఐ మార్చొచ్చు, లైటు ఆపెయ్యొచ్చు, ఆకారం మార్చలేం. స్కేలు పెట్టి మణికట్టు ముడత నుంచి నడివేలి కొస దాకా కొలవండి. అందులో ఆరు వంతులు, అంటే పదికి ఆరు చొప్పున మౌస్ పొడవు ఉంటే సాధారణంగా సౌకర్యంగా ఉంటుంది. చెయ్యి 19 సెంటీమీటర్లైతే మౌస్ పదకొండున్నర దగ్గర ఉండాలి. ఇది చట్టం కాదు, అందాజా లెక్క. అరచెయ్యి మొత్తం ఆనించి పట్టుకునేవాళ్ళకు కాస్త పెద్దది, వేళ్ళ కొసలతో పట్టుకునేవాళ్ళకు కాస్త చిన్నది బాగుంటాయి. చిన్న చేతులున్న చెల్లెళ్ళు, తమ్ముళ్ళు పెద్ద మౌస్ కొంటే గంటలో బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. ఎడమచేతి వాటం వాళ్ళు రెండు వైపులా ఒకేలా ఉండేదే చూసుకోవాలి. కుడిచేతికి వంపు తిప్పినవి వాళ్ళకు పనికిరావు. బరువు వంద గ్రాములు దాటకపోతే మంచిది. లోపల ఇనుప ముక్క పెట్టి "హెవీ, ప్రీమియం" అని అమ్మేవి ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు.

వైర్ ఉన్నదా, లేనిదా? వెయ్యి పదిహేను వందల లోపు అయితే వైర్ ఉన్నదే కొనండి. మా అభిప్రాయం గట్టిదే ఈ విషయంలో. ఆ ధరలో వైర్ తీసేస్తే, ఆ డబ్బు బ్యాటరీకీ రిసీవర్‌కూ పోతుంది, సెన్సర్‌కు మిగలదు. హాస్టల్లో వేలి గోరంత రిసీవర్ ఎన్ని రోజులు ఉంటుందో మీకు మేం చెప్పక్కర్లేదు. సెలవులకు ఊరికెళ్ళినప్పుడు సెల్లు అయిపోతే షాపుకు ఎంత దూరం నడవాలో కూడా లెక్కేసుకోండి. బ్లూటూత్ మౌస్ ఆఫీసు పనికి బాగుంటుంది, ఆటకు ఆలస్యం తెలుస్తుంది. వైర్ కొనేటప్పుడు ఒకటే చూడండి, మెత్తగా వంగాలి. తాడులా అల్లిన బిరుసు వైర్లు గట్టిగా కనిపిస్తాయి కానీ మౌస్‌ను వెనక్కి లాగుతుంటాయి.

పేర్లు చెప్పమంటారు కాబట్టి చెబుతున్నాం. ధరలు రోజూ మారతాయి, అటూ ఇటూగా తీసుకోండి. చేతిలో నాలుగొందలే ఉంటే లైట్లున్న గేమింగ్ మౌస్ కన్నా లాజిటెక్ బి100 లాంటి సాదా ఆఫీసు మౌస్ మేలు. 800 డీపీఐ, రెండు బటన్లు, చక్రం, అంతే. పక్క బటన్లు ఉండవు, సెకనుకు వెయ్యిసార్లు కబురు పంపదు. కానీ మన 60 హెర్ట్జ్ తెరల మీద కౌంటర్ స్ట్రైక్ 1.6, డోటా, మైన్‌క్రాఫ్ట్ దానితో హాయిగా ఆడొచ్చు. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడమచేతివాళ్ళకూ సరిపోతుంది. పన్నెండు, పదిహేను వందలు పెట్టగలిగితే లాజిటెక్ జీ102. 85 గ్రాములు, ఆరు బటన్లు, చిన్న, మధ్యస్థ చేతులకు కుదురుతుంది. దాని పక్క బటన్లు ఎడమవైపు ఉంటాయి, ఎడమచేతివాళ్ళకు అవి బొటనవేలికి అందవు. పెద్ద చేతులున్న, అరచెయ్యి ఆనించే అన్నలకు ఇంచుమించు అదే ధరలో రేజర్ డెత్ ఆడర్ ఎసెన్షియల్ ఉంది. అది కుడిచేతి వాటం, పొడవు 12.7 సెంటీమీటర్లు. మధ్యలో ఐదొందలు, ఎనిమిదొందల ధరలో రెడ్‌గేర్, కాస్మిక్ బైట్, జెబ్రానిక్స్, యాంట్ ఈస్పోర్ట్స్ వాళ్ళవి చాలా ఉన్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, కానీ ఒకే కంపెనీలో ఒక మోడల్‌కూ ఇంకోదానికీ చాలా తేడా. అందుకే పేరు చూసి కాకుండా సెన్సర్ పేరు రాశారా లేదా చూడండి. సెన్సర్ పేరు చెప్పకుండా డీపీఐ అంకె ఒక్కటే పెద్దగా రాస్తే పక్కన పెట్టెయ్యండి. పేరే లేని కంపెనీలవైతే అసలు వద్దు.

ఫోన్లో బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ ఆడేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఓటీజీతో ఫోనుకు మౌస్ తగిలించి, మ్యాపింగ్ యాప్‌లు వేసి ఆడితే ఐడీ నిషేధంలో పడే ప్రమాదం ఉంది. దాని కోసమైతే మౌస్ కొనకండి, ఆ డబ్బు దాచుకోండి.

ఎక్కడ కొనాలన్నది మనకు పట్నం పిల్లలకన్నా పెద్ద ప్రశ్న. ఆన్‌లైన్లో వంద తక్కువ దొరుకుతుంది, నిజమే. కానీ మన ఊరి పిన్ కోడ్‌కు డెలివరీ ఉన్నా, తిరిగి పంపే సౌకర్యం ఉండకపోవచ్చు. కొనే ముందే అది చూసుకోండి. లేకపోతే హాస్టల్ ఉన్న ఊరి అడ్రసు పెట్టండి. పార్సిల్ విప్పేటప్పుడు ఇంకొకరిని వీడియో తియ్యమనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి పోగలిగినవాళ్ళు పోయి చేతిలోకి తీసుకుని చూసి కొనండి. చూడనివ్వం అంటే పక్క షాపు ఉంది. సిగ్గుపడకండి. కొందరు షాపువాళ్ళు మన మాట యాసను బట్టి, చెప్పులను బట్టి ధర చెబుతారని మనకు తెలుసు. ముందు ఫోన్లో ఆన్‌లైన్ ధర తెరిచి పెట్టుకుని లోపలికి పోండి, మాట తీరు మారుతుంది. బిల్లు మీద జీఎస్టీ నంబరు, మోడల్ పేరు, తేదీ ఉండాలి. బిల్లు లేకుండా తగ్గిస్తానంటే వారంటీ కూడా తగ్గినట్టే. వారంటీ ఉండి కూడా మార్చనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడొచ్చు.

షాపులోనే, లేదా పార్సిల్ వచ్చిన రోజే చేసే పరీక్షలు చెబుతాం. పెయింట్ తెరిచి ఏటవాలు గీతలు వేగంగా గీయండి. గీత మెట్లు మెట్లుగా వస్తే సెన్సర్ బాగోలేదు. బాణాన్ని ఒక ఐకాన్ మీద పెట్టి, మౌస్‌ను విసురుగా కుడికి లాగి, మెల్లగా మొదటి చోటికే తెండి. బాణం ఇంచుమించు అక్కడికే రావాలి. ఎక్కడో పైమూలకు ఎగిరిపోతే అది ఆటలో పనికిరాదు. ఈ పరీక్షకు ముందు విండోస్‌లో మౌస్ సెట్టింగులకు పోయి "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అన్న టిక్ తీసెయ్యండి, లేకపోతే మంచి మౌస్ కూడా ఫెయిలవుతుంది. ఆ టిక్ ఉంటే చెయ్యి వేగాన్ని బట్టి బాణం దూరం మారిపోతుంది, గురి అలవాటు కాదు. ఆ తర్వాత ఒక ఫోల్డర్ మీద ముప్ఫై, నలభైసార్లు విడివిడిగా ఒక్కో క్లిక్ ఇవ్వండి. ఒక్కసారైనా దానంతటదే తెరుచుకుంటే డబుల్ క్లిక్ రోగం ఉన్నట్టు, వెంటనే తిరిగి ఇచ్చెయ్యండి.

వాలరెంట్ మొదలుపెట్టేవాళ్ళు 800 డీపీఐ, ఆటలో సెన్సిటివిటీ 0.35 దగ్గర పెట్టి పదిహేను రోజులు మార్చకుండా ఆడండి. రోజుకొకటి మారిస్తే చెయ్యికి ఏదీ అలవాటు కాదు. మొదటి రెండు రోజులు మరీ నెమ్మదిగా ఉందనిపిస్తుంది. మణికట్టుతో కాకుండా మోచెయ్యి నుంచి కదపడం వస్తే సర్దుకుంటుంది. దానికి చోటు కావాలి, కాబట్టి ట్రంకు పెట్టె మీద ఆడే తమ్ముళ్ళు ల్యాప్‌టాప్‌ను కాస్త ఎడమకు జరుపుకోండి. మౌస్ ప్యాడ్‌కు డబ్బు లేకపోతే పాత జీన్స్ ప్యాంటు ముక్కను అట్ట మీద బిగుతుగా అతికించండి. నున్నటి గ్రానైట్, గాజు మీద మాత్రం వద్దు, సెన్సర్‌కు అక్కడ పట్టు దొరకదు.

ఏడాదో రెండేళ్ళో పోయాక ఎడమ క్లిక్ పాడైతే మౌస్‌ను పారెయ్యకండి. పోయేది చాలాసార్లు లోపలి చిన్న స్విచ్ ఒక్కటే. వారంటీ అయిపోయి ఉంటే, టంకం పెట్టగలిగే సెల్‌ఫోన్ రిపేరు షాపుకు తీసుకెళ్ళండి. మరలు కనబడక చాలామంది అక్కడే ఆగిపోతారు. అడుగున అంటించిన నల్లటి జారుడు స్టిక్కర్ల కిందే అవి ఉంటాయి. ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చదివే మన పిల్లలు ఎవరైనా ఈ పని చేసిపెట్టగలిగితే, ఏ ఊళ్ళో ఉన్నారో కింద రాయండి. చేతికిచ్చి చూడనిచ్చిన షాపుల ఊళ్ళు కూడా రాయండి. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు చుట్టుపక్కలవి ముందు కావాలి.