బాలింతకు రవిక యెవరు కుట్టింతురు?

మన యిండ్లలో శిశువు జన్మించినంతనే వస్త్రముల కొనుగోలు ప్రారంభమగును. బిడ్డకు చొక్కాలు, గౌనులు, టోపీలు. బంధువులకు చీరలు, పంచెలు. నామకరణమునాడు తల్లికి పుట్టింటివారు తెచ్చు పట్టుచీర. ఇంత గుడ్డ యింటికి వచ్చినను, మరుసటి దినమున ఆ తల్లి కట్టుకొనుటకు తగినది లేదన్న సంగతి యెవరికిని తోచదు.

నేను బరంపురములో వస్త్రవ్యాపారము చేయువాడను. సరకు అమ్ముకొనుటకే ఈ వ్యాసమని కొందరు నవ్వవచ్చును. కాని నా మాటలలో సగము కొనవద్దని చెప్పునవే.

చీరకు కొలత లేదు. రవికకు కొలత కలదు. చిక్కంతయు ఇందే యున్నది. అయిదున్నర మీటర్ల చీర కన్యకును, గర్భిణికిని, బాలింతకును ఒక్కటే. కాన్పు తరువాత పాత రవికలు మాత్రము పట్టవు. పట్టినను, వీపున హుక్కులున్న రవికతో బిడ్డకు పాలిచ్చుట కష్టము. అందుచేత బీరువానిండ చీరలుండగా తల్లి రెండు నైటీలతో సంవత్సరము గడుపుచున్నది. ఎవరైన వచ్చినచో భుజముపై తువ్వాలు వేసికొని లోపలికి పోవుచున్నది.

ఇది పరుల యింటి కథ కాదు. మా పెద్దమ్మాయి పుట్టిన యేడవ నెలలో నా భార్య తన పినతండ్రి కుమార్తె పెండ్లికి రానన్నది. బిడ్డకు జలుబని చెప్పినది. నేను నమ్మి ఒక్కడనే వెళ్లితిని. అసలు కారణము ఎన్నో యేండ్లకు గాని తెలియలేదు. పట్టుచీరకు సరిపడు రవిక లేదు, కుట్టించుమని అడిగినచో "ఇప్పుడు నీకు సింగారమా?" అందురేమో యని వెరపు. దినమంతయు రవికగుడ్డలు చించి యిచ్చువాని యింటిలో ఈ స్థితి! దీపము క్రింద చీకటి యనగా ఇదియే.

ఇది సింగారము కాదు. తల్లి నలుగురిలోనికి తిరిగి వచ్చుటకు కావలసిన కనీసపు ఏర్పాటు.

పాత రవికలను పారవేయకుడు. మంచి దర్జీ ప్రక్కకుట్టులలో కొంత గుడ్డ లోపలికి మడచి యుంచును. ఆ కుట్టు విప్పి వదులు చేయించినచో కొన్నియైన మరల పనికివచ్చును. క్రొత్తవి నూలుగుడ్డతో, ముందు హుక్కులతో, రెండు మూడు మాత్రమే కుట్టించుడు. శరీరము నెలనెలకు మారుచుండును గనుక లోపలి మడత ఎక్కువగా నుంచుమనుడు. శస్త్రచికిత్సతో కాన్పైనవారికి లంగాబొందు కుట్టుమీద ఒరసికొనును. సన్నని బొందునకు బదులు వెడల్పాటి పట్టీ వేయించి, కుట్టు తగులకుండ కట్టుకొనుట సుఖము. క్రొత్త నూలుచీరను రెండుమూడు మారులు ఉతికి, గంజి పెట్టక కట్టవలెను; గంజియు, జరీయు పసిబిడ్డ చెంపకు గరుకు.

పుట్టింటివారికి ఒక మనవి. కుంభపు అంచుల మన బరంపురము పట్టు భౌగోళిక గుర్తింపు పొందినది, మనకు గర్వకారణమే. అయినను ఆ చీరకు పెట్టు సొమ్ములో కొంత తగ్గించి రెండు నేతచీరలును, వాటి రవికలకు కుట్టుకూలియు కలిపి యిండు. కుట్టని గుడ్డ బీరువాలోనే యుండిపోవును.

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన నాటికి పూర్వమే ఇక్కడ స్థిరపడిన కుటుంబములు మనవి. ఎన్ని తరములు గడచినను పేరంటమునకు వచ్చిన ముత్తయిదువకు రవికగుడ్డ యిచ్చు ఆచారమును మనము విడువలేదు. ఊరిలోని స్త్రీలందరికి గుడ్డ పంచు మనము, ఇంటిలోని బాలింతకు ఒక రవిక కుట్టింపకుండుట న్యాయమా?

పురుషులారా! ఆమె నోరు తెరచి అడుగువరకు వేచియుండకుడు.

మా పెద్దమ్మాయి యిప్పుడు గర్భవతి. సారె పట్టిక నా భార్యయే వ్రాసినది. మొదటి పంక్తిలో రవికలు, రెండవ పంక్తిలో దర్జీకూలి యున్నవి. పట్టుచీర నాలుగవది.