పడవల మురుగు నిల్వ ట్యాంకులు: అమర్చడం సులువు, ఖాళీ చేయడమే చిక్కు

(ప్రత్యేక వ్యాసం)

దేశీయ జలమార్గాలలో నడిచే పడవలకు సంబంధించిన 1917 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2021లో అంతర్గత నౌకల చట్టాన్ని ఆమోదించింది. రిజిస్ట్రేషను, భద్రతా తనిఖీలు, సిబ్బంది అర్హతలకు సంబంధించిన నిబంధనలు పడవ యజమానులకు తెలిసినవే. వాటితోపాటు ఉన్న మరొక నిబంధన మాత్రం అంతగా వెలుగులోకి రాలేదు. యాంత్రిక పడవలు తమ మురుగును కేంద్ర ప్రభుత్వం నిర్దేశించే ప్రమాణాలకు లోబడి మాత్రమే విడువవలసి ఉన్నది. కాలుష్య నివారణ ధ్రువపత్రం జారీ చేసే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాలపై ఉంచబడినది. అనగా పడవలోని మరుగుదొడ్డి సైతం ఇప్పుడు తనిఖీ అధికారి పరిధిలోని విషయమే.

మురుగును పడవలోనే ఒక ట్యాంకులో నిల్వచేసి, రేవుకు చేరిన తరువాత పంపుతో తోడివేయడం చిన్న పడవలకు అనువైన మార్గం. దీనిని పంపౌట్ అంటారు. ఈ విషయంలో దీర్ఘకాల అనుభవం గల దేశం అమెరికా. అక్కడి పరిశుద్ధ జల చట్టం 312వ సెక్షను ప్రకారం తీరం నుంచి 3 మైళ్ల లోపల శుద్ధిచేయని మురుగును పడవలు వదలరాదు. శుద్ధిచేసిన మురుగును కూడా నిషేధించిన ప్రత్యేక మండలాలు ఉన్నవి. 1998లో తన సముద్ర జలాలన్నిటికీ ఈ నిషేధాన్ని వర్తింపజేసిన మొదటి రాష్ట్రం రోడ్ ఐలండ్. వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్‌లో 2018 నుంచి ఇది అమలులో ఉన్నది. కేవలం నిషేధంతో పని జరగదని అక్కడి ప్రభుత్వం ముందే గ్రహించి, 1992లో పరిశుద్ధ నౌకల చట్టాన్ని తెచ్చింది. రేవులలో పంపౌట్ కేంద్రాల నిర్మాణానికి, నిర్వహణకు అయ్యే వ్యయంలో 75 శాతం వరకు కేంద్ర నిధుల నుంచి రాష్ట్రాలకు లభించే ఏర్పాటు అది. స్వీడన్ 2015 ఏప్రిల్ 1 నుంచి విహార పడవలు మరుగుదొడ్డి వ్యర్థాలను నీటిలో వదలడాన్ని నిషేధించింది.

చట్టమూ, నిధులూ సమకూరిన చోట కూడా అసలు చిక్కు పడవ లోపలి గొట్టాల వద్ద వస్తున్నది. తెరచాప పడవలలో ఇది మరింత స్పష్టం. హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు వాడే సెయిలింగ్ పడవలు చిన్నవి, వాటిలో మరుగుదొడ్డి ఉండదు. ఇక్కడ ప్రస్తావిస్తున్నది నలుగురైదుగురు రోజుల తరబడి నివసించగల పడవలను గురించి. వాటి అడుగుభాగం ఇరుకు. మంచం కిందనో, వెనుక అరలోనో మిగిలిన మూలలో ట్యాంకును ఇముడ్చుతారు. చేతిపంపు మరుగుదొడ్డిని ఒకసారి వాడితే ఒకటిన్నర లీటరు చేరుతుందనుకొంటే, నలుగురు రోజుకు ఐదేసి మార్లు వాడగా 30 లీటర్లు అవుతుంది. 90 లీటర్ల ట్యాంకు మూడు రోజులలో నిండుతుంది. ఖాళీ చేసినప్పుడు అడుగున 15 లీటర్ల మడ్డి మిగిలిపోతే తదుపరి ప్రయాణంలో అరరోజు గడువు తగ్గినట్లే. సెలవు దినం సాయంత్రం పంపౌట్ కేంద్రం వద్ద పడవలు బారులు తీరినప్పుడు ఒక్కొక్కటి అరగంట తీసుకొంటే, ఓపిక నశించినవారు చీకటిపడ్డాక నీటిలోనికి తెరుచుకొనే వాల్వును తిప్పడానికి వెనుకాడరు. ఆ పని ఏ అధికారి కంటా పడదు.

ఆలస్యానికి ముఖ్య కారణం గాలి గొట్టం. ట్యాంకులోనుంచి ఎంత మురుగు బయటికి పోతే అంత గాలి లోపలికి రావలెను. 90 లీటర్లు మూడు నిమిషాలలో పోవలెనంటే నిమిషానికి 30 లీటర్ల గాలి కావలెను. సాధారణంగా అమర్చే గాలి గొట్టం లోపలి వ్యాసం సుమారు 16 మిల్లీమీటర్లు. శుభ్రంగా ఉన్నంతకాలం అది సరిపోతుంది. కాని ట్యాంకు పొంగినప్పుడు మురుగు అందులోకి ఎగదన్ని ఎండిపోతుంది. బయటి మూతివద్ద ఉప్పు పేరుకొంటుంది, కందిరీగలు గూడు కడతాయి. అప్పుడు ఒడ్డున ఉన్న పంపు పీల్చేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి ప్రవాహం మందగించి ఆగిపోతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల ఎత్తు గల ట్యాంకు గోడపై లోపలికీ బయటికీ వాతావరణ పీడనంలో పదోవంతు తేడా వచ్చినా దాదాపు 250 కిలోల బరువు మోపినట్లే. ప్లాస్టిక్ ట్యాంకులు లోనికి సొట్టపడడానికి, అతుకులు చిట్లడానికి ఇదే కారణం. దీనికి పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. గొట్టాన్ని 25 మిల్లీమీటర్లకు మార్చితే గాలి పోయే దారి విస్తీర్ణం రెండున్నర రెట్లకు దగ్గరవుతుంది. పడవకు ఇరువైపులా రెండు గొట్టాలుంటే మరీ మేలు. గాలి ఆడే ట్యాంకులో దుర్వాసన కూడా తగ్గుతుంది. ప్రాణవాయువు అందని మురుగులోనే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. సముద్రపు నీటితో కడిగే మరుగుదొడ్లలో, ఆ నీటిలోని సల్ఫేటు వలన అది మరింత అధికం.

రెండవ లోపం పీల్చు గొట్టంలో ఉన్నది. ఇది ట్యాంకు పైభాగం నుంచి దిగి అడుగుకు కొద్ది ఎత్తులో ముగుస్తుంది. పడవ అడుగు ఏటవాలుగా ఉన్నప్పుడు ట్యాంకు అడుగూ ఏటవాలే అవుతుంది. గొట్టం అన్నిటికన్నా పల్లపు మూలలో లేకపోతే మడ్డి కదలదు. పైభాగాన సన్నని చీలిక వచ్చినా పంపు మురుగుకు బదులు గాలినే పీలుస్తుంది. ట్యాంకు ఖాళీ అయినదని యజమాని భ్రమపడతాడు. మూత్రమూ సముద్రపు నీరూ కలిసినచోట సున్నపు పొర పేరుకొని 38 మిల్లీమీటర్ల హోస్ పైపు కూడా క్రమంగా ఇరుకవుతుంది. మార్చడానికి వీలులేని చోట హోస్ పైపు అమర్చిన నిర్మాణదారును ఈ సందర్భంలో యజమానులు తలచుకోకుండా ఉండరు.

ఒడ్డున కూడా శ్రద్ధ అవసరం. డెక్కు మీది రంధ్రానికి రబ్బరు మూతిని చేత్తో అదిమి పట్టుకొనే పద్ధతిలో గాలి చొరబడుతుంది. మర లేదా కొక్కెంతో బిగిసే అమరిక మేలైనది. మూతికి దగ్గరగా గాజు గొట్టం ముక్క ఉంటే లోపల పోతున్నదేమిటో కనిపిస్తుంది. మొదటిసారి తోడిన తరువాత పది, పదిహేను లీటర్ల మంచినీరు పోసి, మడ్డి కరిగేంతసేపు ఆగి, మరల తోడడమే సంపూర్ణ పంపౌట్. కడిగేందుకు డెక్కు మీద వేరే రంధ్రం ఉంటే ఈ పని నిమిషాలలో ముగుస్తుంది.

ఇక మన వద్ద ఈ విషయానికి మరొక కోణం ఉన్నది. యంత్రంతో ఖాళీ కాని ట్యాంకును చివరకు ఎవరో ఒకరు మూత విప్పి, చేతితో శుభ్రపరచవలసి వస్తుంది. ఇరుకైన పడవ అడుగుభాగంలో హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణాంతకం. కొంత మోతాదు దాటితే దాని వాసన తెలిసే శక్తి కూడా నశిస్తుంది. మురుగు కాలువలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి రక్షణ లేకుండా మనుషులను దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. నేలమీద నిషేధించిన పనికి నీటిమీద కొత్తగా చోటు కల్పించరాదు. గాలి గొట్టం వ్యాసాన్ని చిల్లర సాంకేతిక విషయంగా తోసివేయరాదనడానికి ఇదే ముఖ్య కారణం.

ఆంధ్రప్రదేశ్‌లో పాపికొండల లాంచీలు నడిచే గోదావరి రాజమహేంద్రవరానికి, దిగువ డెల్టాకు తాగునీటి ఆధారం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన ఘోర ప్రమాదం తరువాత పడవల తనిఖీలో ప్రయాణికుల భద్రతకు అగ్రస్థానం లభించడం న్యాయమే. అదే తనిఖీలో మరుగుదొడ్డి గల పడవలకు మరొక పరీక్షను చేర్చవచ్చును. ట్యాంకును మంచినీటితో నింపి, అధికారి సమక్షంలో రేవు పంపుతో తోడించి, పట్టిన సమయాన్ని, అడుగున మిగిలిన నీటిని కొలవడమే ఆ పరీక్ష. ట్యాంకు ఉన్నదని కాగితంపై గుర్తు పెట్టడం కన్నా ఇది నమ్మదగినది. డెక్కు మీది రంధ్రాల కొలత అన్ని పడవలకూ ఒకటిగా ఉండేట్లు ముందే నిర్దేశిస్తే, ఒక రేవులో బిగిసే మూతి మరొక రేవులోనూ బిగుస్తుంది. రేవుకు సమీపంలో మురుగునీటి శుద్ధి కేంద్రం లేనిచోట సెప్టిక్ ట్యాంకు లారీలతో తరలింపును పురపాలక, పంచాయతీ అధికారులతో ముందుగా మాట్లాడుకొనవలసి ఉంటుంది. దుర్వాసన అణచడానికి కొందరు ట్యాంకులో పోసే ఫార్మాల్డిహైడ్ వంటి రసాయనాలు శుద్ధి కేంద్రంలోని సూక్ష్మజీవులకు హాని చేస్తాయి కనుక, లారీ కదలకముందే వాటి వాడకం గురించి పడవ యజమానిని అడిగి నమోదు చేసుకోవడం అవసరం.